తల, మెడ క్యాన్సర్: ఎంఆర్‌ఐ ఏం చెబుతుంది? బయాప్సీ ఎందుకు తప్పదు?

నోట్లో మానని పుండుతో ఇంటి పెద్దాయన్ని ఆస్పత్రికి తీసుకెళ్తారు. డాక్టర్ చూసి ఎంఆర్‌ఐ రాస్తారు, బయాప్సీ కూడా రాస్తారు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో చర్చ మొదలవుతుంది. "అంత ఖరీదు పెట్టి ఎంఆర్‌ఐ తీశాం, లోపలంతా కనిపిస్తుంది కదా, మళ్ళీ ముక్క కోయడం ఎందుకు?" అని ఒకరంటారు. "గడ్డను కదిలిస్తే ఇంకా పాకుతుందట" అని ఇంకొకరు. ఆ మాటల్లోనే వారాలు గడిచిపోతాయి. గడ్డ మాత్రం ఎవరి కోసం ఆగదు.

ఈ భయానికి సగం కారణం ఎంఆర్‌ఐ అంటే ఒక పెద్ద ఫొటో అనుకోవడమే. అది వట్టి ఫొటో కాదు. గడ్డ లోపల కణాలు ఎంత ఒత్తుగా ఉన్నాయి, రక్తం ఎలా పారుతోంది, ఆక్సిజన్ అందుతోందా లేదా అన్న విషయాలపై కూడా సూచనలు ఇవ్వగలదు. కానీ అవి సూచనలే, తీర్పు కాదు. ఈ తేడా తెలిస్తే రిపోర్టు చదవడం, డాక్టరును సరైన ప్రశ్న అడగడం రెండూ సులువవుతాయి.

ముందుగా, ఏమిటీ క్యాన్సర్?

నాలుక, బుగ్గ లోపలి వైపు, చిగుళ్ళు, గొంతు, స్వరపేటిక, ముక్కు లోపలి గదులు, లాలాజల గ్రంథులు, వీటిలో వచ్చే క్యాన్సర్లన్నిటినీ కలిపి తల, మెడ క్యాన్సర్లు అంటారు. మెదడు క్యాన్సర్ ఇందులోకి రాదు. పదింట తొమ్మిది వరకు లోపలి చర్మపు పొరలోని పొలుసు కణాల నుంచి పుట్టేవే. వీటిని స్క్వామస్ సెల్ కార్సినోమా అంటారు. రిపోర్టులో ఈ పేరే ఎక్కువగా కనిపిస్తుంది.

మన దేశానికి ఇది చాలా దగ్గరి విషయం. గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం ఆ ఏడాది దేశంలో పెదవి, నోటి క్యాన్సర్ కొత్త కేసులు 1 లక్షా 43 వేలకు పైనే. మగవాళ్ళలో అన్ని క్యాన్సర్లలోకీ ఇదే మొదటి స్థానంలో ఉంది. జర్దా పాన్, గుట్కా, ఖైనీ, బీడీ, సిగరెట్ ముఖ్య కారణాలు. పొగాకు లేని సాదా సుపారీ పర్వాలేదు అనుకునేవాళ్ళు మన ఇళ్ళలో చాలామంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో వక్కను కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ఎంఆర్‌ఐ అసలు కొలిచేది నీళ్ళనే

ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో వాడే రేడియేషన్ ఎంఆర్‌ఐలో లేదు. ఇందులో ఉండేది బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు. మామూలుగా ఆస్పత్రుల్లో ఉండే యంత్రం బలం 1.5 లేదా 3 టెస్లా. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. మన శరీరంలోని నీటిలో, కొవ్వులో హైడ్రోజన్ ఉంటుంది. ఆ హైడ్రోజన్ కేంద్రకాలు ఈ అయస్కాంతంలో ఒక వరుసకు వస్తాయి. అప్పుడు దాదాపు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం పంపితే కదిలి, మళ్ళీ సర్దుకుంటూ తిరిగి సంకేతం ఇస్తాయి. సర్దుకోవడానికి పట్టే సమయం కండరంలో ఒకలా, కొవ్వులో ఒకలా, గడ్డలో ఇంకోలా ఉంటుంది. ఆ తేడాలే బొమ్మగా మారతాయి.

క్యాన్సర్‌తో ఈ పద్ధతికి సంబంధం ఇవాళ్టిది కాదు. 1971లో అమెరికా డాక్టర్ రేమండ్ దమాడియన్, ఎలుకల కణితుల్లో ఈ సర్దుకునే సమయం ఆరోగ్యంగా ఉన్న కణజాలం కంటే ఎక్కువగా ఉందని చూపించారు. ఆ కొలతతోనే క్యాన్సర్‌ను పట్టేయొచ్చని ఆశపడ్డారు. తర్వాత పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఈ సంకేతాల నుంచి బొమ్మ తయారుచేసే దారి వేశారు. వాళ్ళిద్దరికీ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. దమాడియన్‌కు అందులో చోటు దక్కలేదు.

ఆయన ఆశ కూడా పూర్తిగా నెరవేరలేదు. ఎందుకంటే వాపు వచ్చినా, ఇన్ఫెక్షన్ వచ్చినా ఆ చోట నీళ్ళు పెరుగుతాయి. అప్పుడు అది కూడా స్కాన్‌లో గడ్డలాగే కనిపించవచ్చు. అందుకే పరిశోధకులు ఒక్క కొలతతో ఆగకుండా, గడ్డ లోపలి స్వభావాన్ని చెప్పే వేరే కొలతల కోసం వెతికారు. ఒక దుకాణం బయటి నుంచి ఎంత పెద్దదో చూడటం వేరు, లోపల సరుకు ఎలా వస్తోంది, డబ్బు ఎలా తిరుగుతోంది అని ఖాతా పుస్తకం చూడటం వేరు. ఇప్పుడు చెప్పబోయేవి ఆ ఖాతా పుస్తకంలోని పేజీలు.

ఒకటి: కణాలు ఎంత ఒత్తుగా ఉన్నాయి?

నీటి అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. ఖాళీ మైదానంలో మనిషి ఎటైనా తిరగొచ్చు. చార్మినార్ దగ్గర రంజాన్ బజారులో అయితే అడుగు తీసి అడుగు వేయడం కష్టం. గడ్డలో కూడా అంతే. కణాలు ఒత్తుగా పేరుకుపోతే వాటి మధ్య నీళ్ళు స్వేచ్ఛగా కదల్లేవు. ఈ కదలికను కొలిచేదే డిఫ్యూజన్ స్కాన్. దాని నుంచి వచ్చే అంకెను రిపోర్టులో ఏడీసీ అని రాస్తారు. అంకె తక్కువగా ఉంటే నీటి కదలికకు అడ్డం ఎక్కువని, చాలాసార్లు కణాలు ఒత్తుగా ఉన్నాయని అర్థం.

ఇది నిజమేనా అని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు సరిచూశారు. ఆపరేషన్‌లో తీసేసిన గొంతు భాగాలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, అదే చోట ముందు తీసిన స్కాన్‌తో పోల్చారు. కణాలు దట్టంగా ఉన్నచోట ఏడీసీ తక్కువగానూ, కణాల మధ్య ఉండే నారలాంటి పదార్థం ఎక్కువగా ఉన్నచోట ఏడీసీ ఎక్కువగానూ కనిపించింది. పరీక్షించిన రోగుల సంఖ్య తక్కువే అయినా, స్కాన్‌లోని అంకెకు, కణజాలానికి ఉన్న సంబంధాన్ని ఇది నేరుగా చూపింది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఏడీసీ తక్కువ అని ఉండగానే "రోగం ముదిరింది" అనుకుంటారు. అలా లెక్క వేయకూడదు. చికిత్సకు ముందు ఏడీసీ ఎక్కువగా ఉన్న గడ్డలే రేడియేషన్, కీమోకు సరిగా లొంగలేదని చాలా అధ్యయనాల్లో తేలింది. అలాంటి గడ్డల్లో చచ్చిపోయిన భాగం, నార పదార్థం ఎక్కువగా ఉండటం, రక్తం సరిగా అందకపోవడం దీనికి కారణాలు కావచ్చు. ఒక్క అంకె చూసి మంచి, చెడు చెప్పలేం.

రెండు: రక్తం ఎలా పారుతోంది?

గడ్డ పెరగాలంటే తిండి కావాలి. అందుకని కొత్త రక్తనాళాలను పుట్టించుకుంటుంది. హడావుడిగా పుట్టినవి కాబట్టి అవి వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. దీన్ని చూడటానికి చేతి నరంలోకి గాడోలినియం అనే లోహం ఉన్న కాంట్రాస్ట్ మందు ఎక్కించి, కొన్ని సెకన్లకొకసారి వరుసగా బొమ్మలు తీస్తారు. మందు గడ్డలోకి ఎంత వేగంగా చేరింది, నాళాల నుంచి ఎంత బయటికి కారింది, ఎంత వేగంగా తిరిగి వెళ్ళిపోయింది అని లెక్క కడతారు.

రక్తం బాగా పారే గడ్డ అంటే భయం వేస్తుంది. కానీ కీమో మందు గడ్డకు చేరేది ఆ రక్తంతోనే. రేడియేషన్ పనిచేయడానికి కావలసిన ఆక్సిజన్ తెచ్చేది కూడా ఆ రక్తమే. కాబట్టి రక్తం అందని గడ్డే చాలాసార్లు మొండిగా ఉంటుంది.

మూడు: ఆక్సిజన్ అందుతోందా?

తల, మెడ క్యాన్సర్‌లో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న బహుశా ఇదే. 1953లో బ్రిటన్‌కు చెందిన లూయిస్ హెరాల్డ్ గ్రే బృందం ఒక విషయం స్పష్టం చేసింది. ఆక్సిజన్ ఉన్న కణాలను చంపడానికి సరిపోయే రేడియేషన్, ఆక్సిజన్ లేని కణాలకు సరిపోదు. అదే ఫలితం రావాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. 1955లో గ్రే, థామ్లిన్సన్ ఇంకో సంగతి చూపించారు. రక్తనాళం నుంచి ఆక్సిజన్ చేరగలిగే దూరం ఒక మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. అంతకంటే దూరంలో ఉన్న కణాలు చచ్చిపోతాయి. చచ్చిన వాటికి, బతికున్న వాటికి మధ్య అంచున ఉన్నవి ఆక్సిజన్ లేకుండానే బతుకు నేర్చుకుంటాయి. రేడియేషన్‌కు లొంగకుండా మిగిలిపోయి తర్వాత గడ్డ తిరగబెట్టడానికి ఈ కణాలు కారణం కాగలవు.

ఎంఆర్‌ఐ దీన్ని రెండు దారుల్లో అంచనా వేస్తుంది. మొదటిది, పైన చెప్పిన రక్తప్రవాహం కొలత. అమెరికాలోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ సెంటర్ పరిశోధకులు మెడ గ్రంథులపై ఈ స్కాన్‌నూ, ఆక్సిజన్ లేమిని చూపే ప్రత్యేకమైన పెట్ స్కాన్‌నూ పోల్చారు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న గ్రంథుల్లో రక్తప్రవాహం కూడా భిన్నంగా, మందకొడిగా కనిపించింది. రెండోది, రక్తంలోని హీమోగ్లోబిన్ ఆధారంగా చూడటం. ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ఆ అలజడిని ఎంఆర్‌ఐ పసిగట్టగలదు. మెదడు పనితీరు చూడటానికి జపాన్ శాస్త్రవేత్త సెయిజీ ఒగావా 1990లో వెలుగులోకి తెచ్చిన సూత్రం ఇదే.

ఇది వట్టి శాస్త్రం కాదు, ఇంట్లో పనికొచ్చే విషయం. బీడీ, సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోటు ఆక్రమిస్తుంది. 1993లో కెనడా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, రేడియేషన్ జరుగుతున్నప్పుడు కూడా పొగ మానని తల, మెడ క్యాన్సర్ రోగుల్లో గడ్డ పూర్తిగా కరిగినవారు 45 శాతం. పొగ తాగనివారిలో, ముందే మానేసినవారిలో 74 శాతం. రెండేళ్ళ తర్వాత బతికున్నవారు మొదటి గుంపులో 39 శాతం, రెండో గుంపులో 66 శాతం. "రోగం ఎలాగూ వచ్చేసింది, ఇప్పుడు మానితే ఏం లాభం?" అనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు. రక్తహీనత ఉన్నా డాక్టరుకు తప్పక చెప్పాలి.

వైరస్ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్

టాన్సిల్స్, నాలుక వెనుక భాగంలో వచ్చే కొన్ని క్యాన్సర్లకు కారణం పొగాకు కాదు, హెచ్‌పీవీ అనే వైరస్. అమెరికా, యూరప్‌లలో ఇవి ఎక్కువ. మన దగ్గర నోటి క్యాన్సర్లలో పొగాకు, వక్కలదే పెద్ద వాటా. ఈ తేడా ఎందుకంటే, వైరస్ వల్ల వచ్చిన గడ్డ చికిత్సకు బాగా లొంగుతుంది. 2010లో అమెరికాలో వచ్చిన ప్రముఖ అధ్యయనంలో మూడేళ్ళు బతికినవారు వైరస్ ఉన్న గుంపులో 82.4 శాతం, లేని గుంపులో 57.1 శాతం. 2018 నుంచి అమలులోకి వచ్చిన స్టేజీల విధానంలో ఈ రెంటికీ వేర్వేరు లెక్కలు పెట్టారు.

వైరస్ గడ్డల్లో ఏడీసీ సగటున తక్కువగా ఉంటుందని పలు అధ్యయనాలు చెప్పాయి. కానీ ఒక్కో రోగి విషయానికొచ్చేసరికి రెండు గుంపుల అంకెలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి స్కాన్ చూసి వైరస్ ఉందని, లేదని తేల్చరు. బయాప్సీ ముక్కపై చేసే పీ16 పరీక్షే దానికి ఆధారం.

లోతు చెప్పడంలో ఎంఆర్‌ఐదే పైచేయి

నాలుక క్యాన్సర్‌లో పుండు వెడల్పు ఎంత అన్నదే కాదు, ఎంత లోతుకు దిగింది అన్నదీ ముఖ్యం. కొత్త స్టేజీల విధానంలో 5 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు అనే లోతు హద్దులు ఉన్నాయి. రెండు సెంటీమీటర్ల లోపు చిన్న పుండైనా 5 మిల్లీమీటర్లు దాటి దిగితే మొదటి స్థాయి నుంచి రెండో స్థాయికి మారుతుంది. లోతు పెరిగితే మెడ గ్రంథులకు పాకే ప్రమాదం కూడా పెరుగుతుంది. ఆపరేషన్‌కు ముందే ఈ లోతు అంచనా వేయడానికి, నరాల వెంట పాకిందా, దవడ ఎముక మూలుగలోకి వెళ్ళిందా చూడటానికి ఎంఆర్‌ఐ బాగా పనికొస్తుంది.

మెడ గ్రంథుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్లు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి దశ నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసేటప్పుడే మెడ గ్రంథులు కూడా తీసినవారిలో మూడేళ్ళు బతికినవారు 80 శాతం. వ్యాధి కనిపించాక తీద్దామని ఆగినవారిలో 67.5 శాతం. "స్కాన్‌లో మెడ క్లియర్‌గా ఉంది కదా, మెడ ఎందుకు కోస్తారు?" అని అడిగేవాళ్ళకు జవాబు ఇందులోనే ఉంది. గ్రంథిలో దాగిన కొద్దిపాటి క్యాన్సర్ కణాలు ఏ స్కాన్‌కూ కనిపించకపోవచ్చు.

చికిత్స మధ్యలో, తర్వాత

గడ్డ సైజు తగ్గడానికి వారాలు పడుతుంది. లోపల కణాలు చావడం మాత్రం అంతకు ముందే మొదలవుతుంది. కణాలు పగిలితే నీటికి చోటు దొరికి ఏడీసీ పెరుగుతుంది. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, చికిత్స మొదలైన వారంలోపే పూర్తిగా లొంగే గడ్డల్లో ఏడీసీ ఎక్కువగా పెరిగిందని చూపించారు. బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు చికిత్స ముగిసిన మూడు వారాలకు తీసిన డిఫ్యూజన్ స్కాన్‌తో మిగిలిన వ్యాధిని గుర్తించే ప్రయత్నం చేశారు. రేడియేషన్ తర్వాత మచ్చ ఏది, తిరగబెట్టిన గడ్డ ఏది అని తేల్చడంలోనూ ఈ స్కాన్ సాయపడుతుంది.

ఎంఆర్‌ఐ, రేడియేషన్ యంత్రం రెండూ ఒకటిగా ఉన్న యంత్రాలు కూడా వచ్చాయి. అలాంటి ఒక యంత్రంపై ఉట్రెక్ట్‌లో 2017లో తొలి చికిత్స జరిగింది. ఏ రోజుకారోజు గడ్డను చూస్తూ రేడియేషన్ సర్దడం దీని ఉద్దేశం. మొండి భాగానికి ఎక్కువ డోసు, మిగతా చోట తక్కువ ఇవ్వొచ్చా అన్నది ఇంకా పరిశోధనలో ఉన్న ప్రశ్న.

ఎక్కడ ఆగిపోతుంది?

ఎంఆర్‌ఐ చూసేది కణాన్ని కాదు, కణం చుట్టూ నీరు ఎలా ప్రవర్తిస్తోందో. బొమ్మలోని ఒక్కో చుక్కలో లక్షల కణాల సగటు ఉంటుంది. యంత్రం మారితే, సెట్టింగు మారితే అంకె మారుతుంది. ఒక ఆస్పత్రి ఏడీసీని ఇంకో ఆస్పత్రి ఏడీసీతో నేరుగా పోల్చడం సరికాదు. పళ్ళకు లోహపు క్యాపులు ఉంటే, రోగి గుటకలు వేస్తుంటే బొమ్మ చెడుతుంది.

కంప్యూటర్‌తో వందల కొలతలు తీసి జోస్యం చెప్పే పద్ధతి విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2014లో సీటీ స్కాన్ల ఆధారంగా ఊపిరితిత్తి, తల, మెడ క్యాన్సర్లకు అలాంటి ఒక సూత్రం ప్రకటించారు. 2019లో వేరే బృందం తిరిగి లెక్క చూస్తే, ఆ సూత్రం బలం చాలావరకు గడ్డ పరిమాణం నుంచే వస్తోందని తేలింది. టర్నోవర్ చూసి లాభం అనుకున్నట్టు అన్నమాట. ఎంఆర్‌ఐ సూత్రాలకూ ఇదే పరీక్ష పెట్టాలి.

ఇక బయాప్సీ. అది క్యాన్సరా కాదా, ఏ రకం, వైరస్ ఉందా అన్నది తేల్చేది ఆ చిన్న ముక్కే. అది లేకుండా రేడియేషన్, కీమో మొదలుపెట్టరు. పద్ధతి ప్రకారం చేసిన బయాప్సీ వల్ల ఈ క్యాన్సర్ పాకడం చాలా అరుదు. భయపడి ఆగడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. అయితే ముక్కకూ ఒక పరిమితి ఉంది. అది గడ్డలో ఒక్క చోటు సంగతే చెబుతుంది. ఎంఆర్‌ఐ మొత్తం గడ్డను చూపుతుంది. అందుకే రెండూ కావాలి. బయాప్సీ తర్వాత వచ్చే వాపు బొమ్మలో తికమక పెట్టొచ్చు కాబట్టి, వీలైతే ఎంఆర్‌ఐ ముందు తీయించమని చాలామంది డాక్టర్లు చెబుతారు. అలాగని స్కాన్ డేట్ దొరకలేదని బయాప్సీని వాయిదా వేసుకుంటూ పోవద్దు.

స్కాన్‌కు వెళ్ళే ముందు

- గుండెకు పేస్‌మేకర్, తలలో క్లిప్పు, చెవిలో ఇంప్లాంట్, ఒంట్లో ఇనుప ముక్క ఉంటే ముందే చెప్పాలి.
- నగలు, ముక్కుపుడక, లోహపు డబ్బీలో ఉన్న తావీజు, హిజాబ్ పిన్నులు, చేతి గడియారం అన్నీ తీసేయాలి. సుర్మా, కాటుక కడిగేసుకుని వెళ్ళడం మంచిది.
- కిడ్నీ జబ్బు, షుగర్ ఉన్నవాళ్ళు క్రియాటినిన్ రిపోర్టు చూపించాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి కాంట్రాస్ట్ మందు విషయంలో జాగ్రత్త అవసరం.
- స్కాన్ అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. శబ్దం ఎక్కువ. ఇరుకు చోటంటే భయం ఉంటే ముందే చెప్పండి. లోపల తల కదపకుండా, వీలైనంత వరకు గుటక వేయకుండా ఉండాలి.
- పాత స్కాన్ల సీడీలు, ఫిల్ములు దగ్గర పెట్టుకోండి. మార్పు తెలియాలంటే పాతది కావాలి.

డాక్టరును అడగాల్సినవి

గడ్డ లోతు ఎంత? ఎముక, నరాల దాకా వెళ్ళిందా? మెడ గ్రంథుల్లో అనుమానం ఉందా? డిఫ్యూజన్ స్కాన్ తీశారా, అందులో కనిపించినది బయాప్సీతో సరిపోతోందా? చికిత్స తర్వాత మళ్ళీ స్కాన్ ఎప్పుడు? రేడియేషన్ వాపు తగ్గేదాకా ఆగాలి కాబట్టి పెద్ద స్కాన్ సాధారణంగా 12 వారాల ప్రాంతంలో ఉంటుంది.

హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఈ చికిత్సకు ఉన్నాయి. నోట్లో పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ, గొంతు బొంగురు, మెడలో గడ్డ మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఎంఆర్‌ఐ గురించి ఇంట్లో చర్చించడానికి ముందే డాక్టరుకు నోరు తెరిచి చూపించండి. ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత అన్నది అక్కడ తేలుతుంది.